దీనికి జాబర్ ఎవలు?

సిరిసిల్లలో మరమగ్గాన్ని ఎవరూ మరమగ్గం అనరు. ఆ మాట పేపర్లకూ సర్కారు కాగితాలకూ. అక్కడి వాళ్లకు అది సాంచా. నాలుగు సాంచాలో, నలభై సాంచాలో పెట్టుకుని నడిపించేవాడు ఆసామి. నూలు ఇచ్చి బట్ట తీసుకునే పెద్ద వ్యాపారి సేటు. సాంచా మొరాయిస్తే పానా పట్టుకుని వచ్చేవాడు జాబర్. ఈ నాలుగు మాటలు తెలిస్తే ఈ వ్యాసం చదవడానికి చాలు. కంప్యూటర్ మాటలు కొన్ని వస్తాయి కానీ, అవి వీటికంటే కష్టమైనవేం కావు.

సాంచా కొనేటప్పుడు ఆసామి అది నిమిషానికి ఎన్ని పిక్కులు కొడుతుందని అడుగుతాడు, ఎంత కరెంటు తాగుతుందని అడుగుతాడు. బేరం కుదిరే ముందు మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాడు. "దీనికి జాబర్ ఎవలు?" ఆ రకం సాంచా బాగుచేయడం తెలిసినవాడు ఊళ్లో ఉన్నాడా, రాత్రి షిఫ్టులో పిలిస్తే వస్తాడా, వాడు లేకపోతే ఇంకొకడు ఉన్నాడా అని. వీటికి జవాబు లేకపోతే ఎంత మంచి సాంచా అయినా షెడ్డులో ఇనుప సామాను కిందే లెక్క.

ప్రోగ్రామర్ల మధ్య పనిముట్ల తగాదా సినిమా హీరోల అభిమానుల తగాదా లాంటిది. ఫలానాది వేగం, ఫలానాది అందం, ఫలానాదానికి ఉద్యోగాలు ఎక్కువ. పాతికేళ్లుగా వింటున్నాను. విజువల్ బేసిక్కా డెల్ఫీయా అన్న రోజుల నుంచి, జావానా డాట్ నెట్టా అన్న రోజుల మీదుగా, ఇవాళ పైథానా జావాస్క్రిప్టా అనేదాకా. ఈ తగాదాల్లో సిరిసిల్ల ఆసామి అడిగే ఆ ఒక్క ప్రశ్న వినబడింది చాలా తక్కువ. ఒకే ఏడాది మొదలై, రెండు వేర్వేరు పనిముట్లతో తయారై, ఇరవై ఏళ్లకు పైగా నడిచిన రెండు ప్రోగ్రాముల కథ నాకు దగ్గరగా తెలుసు. ఒకటి నేను రాసింది, ఇంకొకటి నా స్నేహితుడు రాసింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దామని ఈ ప్రయత్నం.

*

నాది కోరుట్ల. డిగ్రీ అయ్యాక 1999లో జగిత్యాలలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. అప్పట్లో మా వైపు కుర్రాళ్లకు రెండే దారులు కనిపించేవి. పాస్‌పోర్టు చేయించుకుని దుబాయో మస్కటో పోవడం, లేదా కంప్యూటర్ నేర్చుకుని హైదరాబాద్ పోవడం. ఇన్‌స్టిట్యూట్‌లో ఫాక్స్‌ప్రో, విజువల్ బేసిక్ 6, కొంచెం ఒరాకిల్ చెప్పేవాళ్లు. జగిత్యాల వాడైన నా స్నేహితుడు మాత్రం ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో డెల్ఫీ చూసి దాని వెంట పడ్డాడు. చెప్పేవాళ్లు లేరు. పుస్తకం కోసం కోఠి దాకా పోయి పాత పుస్తకాల షాపులన్నీ తిరిగొచ్చాడు.

ఈ రెండింటి పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. విజువల్ బేసిక్ మొదటిసారి 1991లో వచ్చింది. తెర మీద బటన్లు, పెట్టెలు మౌస్‌తో పేర్చి, వాటి వెనక నాలుగు లైన్లు రాస్తే విండోస్ ప్రోగ్రాం తయారు. అంతకుముందు ఆ పనికి సి భాషలో పేజీల కొద్దీ రాయాల్సి వచ్చేది. డెల్ఫీ 1995లో బోర్లాండ్ కంపెనీ నుంచి వచ్చింది. బటన్లు పేర్చే పద్ధతి అదే, భాష మాత్రం పాస్కల్. దాన్ని కట్టినవాళ్లలో ముఖ్యుడు అండర్స్ హైల్స్‌బర్గ్. 1983లో టర్బో పాస్కల్ రూపంలో వచ్చిన కంపైలర్ ఆయన రాసిందే. తర్వాత 1996లో ఆయన మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి సి షార్ప్ భాష రూపొందించాడు. ఎదుటి జట్టు పెద్ద మేస్త్రీ ఇటు వచ్చాడన్న మాట. నా స్నేహితుడికి ఈ వార్త చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

ఇక 2001లో మాకు చెరొక పని దొరికింది. వాడికి జగిత్యాలలో ఒక రైస్ మిల్లు లెక్కలు. నాకు సిరిసిల్లలో ఒక పెద్ద ఆసామి దగ్గర కూలి లెక్కలు. ఆయన మా మేనమామకు దోస్తు.

*

కూలి లెక్క అంటే ఏముంది, మీటర్లను రేటుతో గుణించడమే కదా అనుకుని కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా బస్సులో పోయాను. ఆసామి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గోడకు వేలాడుతున్న పుస్తకాలు ఒక్కొక్కటే దించాడు.

అరవై నాలుగు సాంచాలు. పగలొక షిఫ్టు, రాత్రొక షిఫ్టు, ఒక్కొక్కటి పన్నెండు గంటలు. ఒక్కొక్క కార్మికుడు ఎనిమిది సాంచాలు చూసుకుంటాడు. అంటే సాంచాల మీదే పదహారు మంది. వార్పిన్ వాళ్లు, వైపని వాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు కలిస్తే ముప్పైకి దగ్గర. నేసేవాళ్ల కూలి మీటరు మీదే కానీ, మీటరు రేటు బట్టను బట్టి మారుతుంది. అంగుళానికి ఎన్ని అడ్డపోగులు పడితే అన్ని పిక్కులు. పది పిక్కులకు ఇన్ని పైసలని రేటు. వారం మధ్యలో బీము మారితే బట్ట మారుతుంది, బట్ట మారితే పిక్కులు మారతాయి, పిక్కులు మారితే రేటు మారుతుంది. కండెలు చుట్టేవాళ్లది ఇంకో లెక్క, వార్పిన్ వాళ్లది ఇంకో లెక్క. వీటన్నిటి మీదా బాకీ. పెళ్లికో, దవాఖానకో, పండుగకో ఆసామి దగ్గర ముందుగా తీసుకున్న డబ్బు. వారం వారం ఎంత పట్టుకోవాలో ఒక్కొక్కరితో ఒక్కొక్క ఒప్పందం. చాలా మటుకు నోటిమాట ఒప్పందాలు.

సీరియస్ ప్రాజెక్టు అంటే ఏమిటని ఈ మధ్య పిల్లలు అడుగుతుంటారు. లక్ష మంది వాడేదా, పెద్ద కంపెనీదా అని. నా దగ్గర ఉన్న కొలత ఆ షెడ్డులో దొరికింది. లెక్క తప్పితే ఆ వారం ఎవరింట్లో పొయ్యి మీద ప్రభావం పడుతుందో చెప్పగలిగితే అది సీరియస్ ప్రాజెక్టు. ముప్పై మందిదైనా సరే.

ఆసామి అన్నాడు: "తమ్మీ, నువ్వేం జేస్తవో నాకు దెల్వది. కని శనారం నాడు పైసలు పంచేటప్పుడు ఒక్కలు గూడ నా మొఖం జూసి అనుమానపడొద్దు."

*

నేనూ నా స్నేహితుడూ జగిత్యాలలో వాడి గదిలో ఒక వారం కూర్చున్నాం. ఒకే చిన్న లెక్క రెండు పనిముట్లలోనూ రాసి, నాలుగు పరీక్షలు పెట్టాం. ఇవాళ ఎవరైనా పనిముట్టు ఎంచుకోవడానికి సలహా అడిగితే ఇప్పటికీ ఆ నాలుగే చెబుతాను, పేర్లు మారాయంతే.

మొదటిది పైసల పరీక్ష. కూలి 412 రూపాయల 50 పైసలు వచ్చింది, రూపాయికి సరిచేయాలి. 412 ఇవ్వాలా, 413 ఇవ్వాలా? విజువల్ బేసిక్‌లో రౌండ్ అనే ఆజ్ఞ ఇస్తే 412 అంటుంది. అదే 413 రూపాయల 50 పైసలైతే 414 అంటుంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరున్న సరి సంఖ్యకు పోతుందన్న మాట. బ్యాంకర్ల పద్ధతి అంటారు దీన్ని. పెద్ద మొత్తం లెక్కల్లో హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలని పెట్టిన పద్ధతి. డెల్ఫీదీ అదే తీరు. పద్ధతిగా చూస్తే తప్పేం లేదు. కానీ ఒకే వారం ఒకతనికి యాభై పైసలు పోయి, పక్కనున్నతనికి యాభై పైసలు కలిస్తే ఆ షెడ్డులో దాన్ని బ్యాంకర్ల పద్ధతి అనరు, ఇంకో మాట అంటారు. ఆసామిని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సగమొస్తె మీదికే. మా బాపు కాలం నుంచి గంతే." ఆ నియమాన్ని మేం సొంతంగా రాసుకున్నాం. ఏ పనిముట్టయినా తన అలవాటును చడీచప్పుడు లేకుండా మన అలవాటుగా మార్చేస్తుందని అప్పుడే అర్థమైంది. ఎవరి అలవాటు నడవాలో ముందు మనుషులను అడగాలి.

రెండోది కరెంటు పరీక్ష. లెక్క సేవ్ అవుతుండగా ప్లగ్గు పీకాం. ఇరవై సార్లు పీకాం. రెండు పక్కలా ఒక్కోసారి ఫైలు పాడైంది. దీనికి మందు పనిముట్టులో దొరకలేదు. రోజూ షిఫ్టు దిగే టైముకు ఒక కాగితం ముద్రించడం, ఒక ఫ్లాపీలోకి కాపీ చేయడం అని రాసి గోడకు అంటించాం.

మూడోది ఇంకో కంప్యూటర్‌లోకి ఎక్కించే పరీక్ష. ఇందులో డెల్ఫీ ముందు విజువల్ బేసిక్ నిలబడలేదు. డెల్ఫీలో రాస్తే తయారయ్యేది ఒకే ఒక్క ఫైలు, కాపీ చేస్తే నడుస్తుంది. డేటాబేసు భాగం మాత్రం విడిగా ఎక్కించాలి. విజువల్ బేసిక్ ప్రోగ్రాముకు వెనక రన్‌టైమ్ ఫైలు ఉండాలి, వాడిన ప్రతి కంట్రోలుకూ ఇంకో ఫైలు ఉండాలి, వాటిని విండోస్‌లో నమోదు చేయాలి. వేరే ప్రోగ్రాం ఏదో వచ్చి అదే ఫైలు పాత రకం ఎక్కించిపోతే మనది ఆగిపోతుంది. ప్రపంచమంతా డీఎల్ఎల్ నరకం అని పేరు పెట్టిన వ్యవహారం ఇదే.

నాలుగోది జాబర్ పరీక్ష. ఇందులో తారుమారు. విజువల్ బేసిక్ తెలిసినవాళ్లు జగిత్యాలలో ఉన్నారు, కరీంనగర్‌లో వీధికొకరు ఉన్నారు, సిరిసిల్లలో కూడా ఇద్దరు దొరికారు. డెల్ఫీ తెలిసినవాడు మా ఎరికలో ఒక్కడే, నా ఎదురుగా కూర్చున్నవాడు.

సరే, ఎవరి దారి వాళ్లది. నేను విజువల్ బేసిక్ పట్టుకుని సిరిసిల్ల పోయాను. వాడు డెల్ఫీతో మిల్లుకు పోయాడు. "నీది అందరికీ తెల్సిన సాంచ, నాది మంచి సాంచ" అన్నాడు పోతూ పోతూ.

*

తర్వాతి సంగతులు బయటి ప్రపంచంలో జరిగినవి. 2002లో మైక్రోసాఫ్ట్ డాట్ నెట్ తెచ్చింది. అందులోనూ విజువల్ బేసిక్ అని ఒకటి ఉంది కానీ, పాత కోడ్ నేరుగా అందులో నడవదు. పేరు ఒకటే, ఊరు వేరు. 2005లో మైక్రోసాఫ్టే బిరుదులిచ్చి గౌరవించిన నిపుణులు చాలా మంది కలిసి పాత విజువల్ బేసిక్‌ను కొనసాగించమని బహిరంగంగా విన్నపం పెట్టుకున్నారు. ఫలితం లేదు. 2008 ఏప్రిల్‌లో విజువల్ బేసిక్ 6 పనిముట్టుకు మద్దతు ముగిసింది. ఫాక్స్‌ప్రోకు ఇక కొత్త వెర్షన్ రాదని 2007లోనే చెప్పేశారు. అటు బోర్లాండ్ కూడా డెల్ఫీని 2008లో ఎంబార్కడెరో అనే కంపెనీకి అమ్మేసింది. అంటే మా ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాసిన రెండు పేర్లు పదేళ్లు తిరక్కముందే పాతబడ్డాయి. ఎవరూ నేర్పని డెల్ఫీ మాత్రం చేతులు మారి బతికింది.

ఇక్కడిదాకా చదివి, ఆహా డెల్ఫీ గెలిచింది అనుకోవద్దు. నా స్నేహితుడు 2006లో దుబాయ్ పోయాడు. మిల్లులో వాడి ప్రోగ్రాం చెక్కుచెదరలేదు. కంప్యూటర్ మార్చినప్పుడు గుమస్తా ఒక్కడే పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుని నడిపించుకున్నాడు. అయితే ప్రోగ్రాం మారకపోయినా మిల్లు లెక్క మారుతుంది. 2015లో కేంద్రం లేవీ బియ్యం పద్ధతి తీసేసింది. ఇక మిల్లులకు మిగిలింది సర్కారు వడ్లు తీసుకుని బియ్యం ఆడించి ఇచ్చే లెక్క. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. ఇది ప్రోగ్రాములో సరిచేసేవాడు లేడు. సోర్సు కోడ్ సీడీ దొరికింది కానీ, రిపోర్టులు ముద్రించడానికి వాడిన ఒక భాగాన్ని వాడు ఏదో చిన్న కంపెనీ దగ్గర తీసుకున్నాడు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, దాని కోడ్ ఎవరి దగ్గరా లేదు. గుమస్తా సగం లెక్క పాత ప్రోగ్రాములో, సగం ఎక్సెల్‌లో చేసుకుంటూ రెండేళ్లు గడిపాడు.

మరి అందరికీ తెలిసిన నా సాంచా? సిరిసిల్లకు 2017లో రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. జూలై 1 నుంచి జీఎస్టీ. అదే ఏడాది బతుకమ్మ చీరల ఆర్డర్లు. అంతదాకా ఒకే రకం తెల్లబట్ట నేసిన షెడ్డులో చీరలు మొదలయ్యాయి. చీర అంటే ముక్క లెక్క, అంచు లెక్క, కొత్త రేటు. సర్కారుకు చూపించాల్సిన కాగితాలు వేరే. నాకప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం. వారానికోసారి రావడం కష్టమై, ఊళ్లో విజువల్ బేసిక్ తెలిసినవాళ్లను వెతికాను. ఇన్‌స్టిట్యూట్ మూతపడి చాలా ఏళ్లయింది. ఆనాడు తెలిసిన ఇద్దరిలో ఒకరు రియల్ ఎస్టేట్‌లో ఉన్నారు, ఇంకొకరు మీసేవ సెంటర్ పెట్టుకున్నారు. కొత్తగా ఎవరూ నేర్చుకోలేదు, ఎందుకు నేర్చుకుంటారు? జాబర్లు ఎక్కువున్న సాంచాకు కూడా జాబర్లు ముసలివాళ్లవుతారు. కొత్తవాడు ఆ పని నేర్చుకుంటున్నాడా లేదా అన్నది అసలు లెక్క.

ఆ ఏడాది రెండు చోట్లా పనులు ఆగకుండా నడిచింది పనిముట్టు బలం మీద కాదు. రేట్లు ప్రోగ్రాం లోపల కాకుండా విడిగా ఒక పట్టికలో, తేదీ వేసి ఉన్నాయి. పాలిస్టర్ నూలు మీద జీఎస్టీ మొదట 18 శాతం, అక్టోబర్‌లో 12 శాతం, మళ్లీ 2025 సెప్టెంబర్‌లో 5 శాతం. ఆసామి సొంతంగా నూలు కొనడం మొదలుపెట్టాక ఈ అంకెలు ఆయన మునీమే మార్చుకున్నాడు. అంతకంటే ముఖ్యమైనది ఒక నోటుబుక్కు. మొదటి నుంచీ కూలి నియమాలన్నీ తెలుగులో అందులో రాసిపెట్టాం. "సగమొస్తె మీదికే" అన్నది మొదటి పేజీలోనే ఉంది. దాని కింద ఆసామి సంతకం, తారీఖు. కోడ్ చదవలేనివాడు కూడా ఆ పుస్తకం చదివి, ఈ వారం చీటీ సరిగా వచ్చిందా లేదా చెప్పగలడు.

*

ఆసామి బిడ్డ నాచుపల్లి జేఎన్టీయూలో కంప్యూటర్ సైన్సు చదివింది. ఆ కాలేజీ 2007లో వచ్చింది. మా కాలంలో జగిత్యాల దగ్గర అలాంటిదేమీ లేదు. చదువయ్యాక ఇంటి దగ్గరే ఉండి దూరం నుంచి ఉద్యోగం చేసుకుంటూ, ఒకనాడు నాకు ఫోన్ చేసింది.

"కాకా, మీ ప్రోగ్రాం మంచిగనే నడుస్తుంది. కని మా అమ్మకు గూడ చీటీ చదవరాదు. అన్నీ ఇంగ్లిష్ పెద్దక్షరాలు. పని చేసేటోళ్లకు ఎట్ల తెలుస్తది?"

ఆ చీటీ ఇంగ్లిష్‌లో ఎందుకుందో చెప్పాలి. యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చింది. కానీ విజువల్ బేసిక్ 6 తెర మీది పెట్టెలకు యూనికోడ్ రాదు. డెల్ఫీకి కూడా 2009 వెర్షన్ దాకా రాలేదు. అప్పట్లో డీటీపీ షాపుల్లో వాడే తెలుగు ఫాంట్లతో ఏదో ఒకటి చేయవచ్చు కానీ, వాటిలో రాసిన పేరును వెతకడం, వరుసలో పెట్టడం కుదరదు. అందుకని పేర్లు, బట్ట రకాలు అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉండిపోయాయి. శనివారం చీటీ చేతికొస్తే చివరి అంకె చూసుకుని జేబులో పెట్టుకోవడమే. మధ్యలో ఏం కలిపారో, ఏం పట్టుకున్నారో మునీమ్ చదివి చెప్పాలి. ఆసామి కోరినట్టు ఎవరూ ఆయన మొఖం చూసి అనుమానపడలేదు. చీటీ చదవలేనప్పుడు అనుమానం చెప్పడం కూడా కష్టమే.

కొత్తది రాద్దామనుకున్నాం. మళ్లీ అదే వాదన, ఈసారి ముగ్గురి మధ్య. దుబాయ్ నుంచి నా స్నేహితుడు లాజరస్ అన్నాడు. డెల్ఫీ పద్ధతిలోనే పనిచేసే ఉచిత పనిముట్టు, 1999లో మొదలై 2012లో 1.0 దాకా వచ్చింది. కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది కాబట్టి ఏ కంపెనీ మూతపడినా భయం లేదు. వాడు మిల్లు ప్రోగ్రామును రెండు సెలవుల్లో అందులోకి మార్చాడు. నేను సి షార్ప్ అన్నాను. నేను రోజూ ఉద్యోగంలో రాసేది అదే. ఆ అమ్మాయి పైథాన్ అంది.

"నీ పైథాన్‌ల కూడ రెండు మూడు గొడవ జరిగింది బిడ్డా" అన్నాడు వాడు ఫోన్లో. నిజమే. పైథాన్ 2 కోడ్ చాలా వరకు పైథాన్ 3లో నేరుగా నడవదు. పాతదానికి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది. అంత పేరున్న భాషలో కూడా ఆ మార్పుకు పదేళ్లకు పైగా పట్టింది.

"అయితె ఏంది కాకా? నేను లేకపోతె నా క్లాస్‌మేట్లు పదిమంది ఉన్నరు. ఇప్పుడు కాలేజీల ఉన్న పిల్లలు ఇంక ఉన్నరు. లాజరస్ ఎవలకు వస్తది? మీ ఇద్దరికి తప్ప."

తండ్రి అడిగే ప్రశ్నే అది. ఆమెకు ఆ సంగతి తెలియదు. వాడు కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత "సరే రాయి, కని బయటి సామాను తక్కువ బెట్టు" అన్నాడు. మూతపడిన కంపెనీ రిపోర్టు భాగం వాడికి నేర్పిన పాఠం అది.

అట్లాగే చేశాం. పైథాన్‌తో పాటు వచ్చే సామానుతోనే చాలా పని నడిపించాం. పెద్ద ఫ్రేమ్‌వర్కులు వద్దనుకున్నాం. జాంగో లాంటిది తీసుకుంటే ఎక్కువ కాలం మద్దతుండే వెర్షన్ కూడా మూడేళ్లకు మార్చాలి. బ్యాంకుకో ఆసుపత్రికో అది సబబే, అక్కడ మార్చడానికి మనుషులుంటారు. షెడ్డులో ఉండరు. డేటా అంతా ఎస్‌క్యూలైట్ అనే ఒక్క ఫైలులో. దాన్ని తయారు చేసేవాళ్లు 2050 దాకా మద్దతిస్తామని ప్రకటించారు, రూపం గురించిన వివరాలు బయటే ఉన్నాయి, ఏ భాషతోనైనా తెరవచ్చు. రేపు పైథాన్ పోయినా లెక్క పోదు. నా పాత ఫైలులోని ఇరవై ఏళ్ల లెక్క అందులోకి ఎక్కించడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. చీటీ బ్రౌజర్లో తయారవుతుంది, ఎందుకంటే తెలుగు ఒత్తులూ గుణింతాలూ సరిగా కూర్చే పని ఇవాళ బ్రౌజర్ బాగా చేస్తుంది. కంప్యూటర్ షెడ్డులోనే ఉంటుంది కాబట్టి ఇంటర్నెట్ పోయినా శనివారం ఆగదు.

కోడ్‌లో చాలా భాగం ఆ అమ్మాయి ఏఐతో రాయించింది. నేను వద్దనలేదు. మేం పదిహేను రోజులు కూర్చుని చేసే పని రెండు రోజుల్లో అయింది. అయితే నోటుబుక్కు మొదటి పేజీ తీసి 412 రూపాయల 50 పైసలు వేసి చూడమన్నాను. 412 వచ్చింది. పైథాన్ రౌండ్ కూడా సరి సంఖ్యకే పోతుంది. పాతికేళ్లు గడిచి, భాష మారి, రాసేది యంత్రమైనా ఆ సగం రూపాయి అక్కడే కాచుకుని కూర్చుంది. పైథాన్‌లో డెసిమల్ అనే పద్ధతి ఉంది, అందులో సగం వస్తే పైకే పోవాలని చెప్పవచ్చు. ఒక్క లైను మార్పు. కానీ ఆ లైను మార్చాలని తెలియడానికి ఆసామి వాళ్ల బాపు కాలం నాటి మాట కాగితం మీద ఉండాలి. ఏఐకి ఆ షెడ్డు అలవాటు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

జగిత్యాల పిల్లలు ఎవరైనా ఏది నేర్చుకోవాలె అన్నా అని అడిగితే ఇప్పుడు నేను పేరు చెప్పను. మీ పనిని మీ తర్వాత చూసేవాడు ఎవరో ముందు అనుకోండి. వాడికి వచ్చేది ఏదో, లేకపోతే నెల రోజుల్లో నేర్చుకోగలిగేది ఏదో అది తీసుకోండి. డేటాను ఏ ఒక్క కంపెనీ తాళంలోనూ పెట్టకండి. బయటి నుంచి తెచ్చే ప్రతి భాగానికీ, ఇది రేపు దొరక్కపోతే ఏం చేస్తామని జవాబు రాసి పెట్టుకోండి. లెక్క నియమాలు మనుషుల భాషలో రాసి, ఆ లెక్క ఎవరిదో వాళ్లతో సంతకం పెట్టించుకోండి. ఇవన్నీ అయ్యాక వేగం గురించి, అందం గురించి పోట్లాడుకోండి. ఆ పోట్లాట కూడా బాగుంటుంది, నేనూ నా స్నేహితుడూ ఇంకా మానలేదు. మొన్న కూడా ఫోన్ చేసి, "నా 2001 ఈఎక్స్ఈ కొత్త విండోస్‌ల గూడ నడుస్తుందిరా" అన్నాడు. నాదీ నడుస్తోందని చెప్పాను. విజువల్ బేసిక్ రన్‌టైమ్‌ను విండోస్ 11లోనూ మైక్రోసాఫ్ట్ ఉంచింది. వాడు ఒప్పుకోలేదు, వీడియో పంపమన్నాడు.

కొత్త చీటీలు మొదటిసారి పంచిన శనివారం నేను సిరిసిల్లలో ఉన్నాను. కండెలు చుట్టే ఒక పెద్దమ్మ తన చీటీ తీసుకుని వెలుతురులోకి పోయి, ఒక్కొక్క వరుస కింద వేలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ చదివింది. వయోజన విద్య కేంద్రంలో నేర్చుకున్న చదువట. తర్వాత నేరుగా టేబుల్ దగ్గరికి వచ్చి చీటీ ముందు పెట్టింది.

"మంగళారం నాది లేదు. నేనొచ్చిన. చూడుండ్రి."

మునీమ్ హాజరు పుస్తకం తీశాడు. మంగళవారం ఆమె చుట్టిన కండెలు కింది వరుసలో ఇంకొకరి పేరు మీద పడ్డాయి. ఆసామి బిడ్డ అక్కడే కూర్చుని సరిచేసి, రెండు చీటీలూ మళ్లీ ముద్రించి ఇచ్చింది. ఆ షెడ్డులో కూలి గురించి తగాదాలు ఇంతకుముందు లేవని కాదు. కానీ చీటీ చదివి, ఫలానా వరుస అని వేలు పెట్టి చూపించడం నేను చూడ్డం అదే మొదటిసారి. ఆసామి ఏమీ అనలేదు. పెద్దమ్మ కొత్త చీటీ కూడా మొదటి నుంచి చివరిదాకా చదివి, మడిచి కొంగున ముడేసుకుంది.